కుక్క కరిచిందని మావోరిలో చెప్పడానికి ఇంత పరీక్షా!

నిన్న సాయంత్రమే న్యూజిలాండ్ మూలవాసుల భాష మావోరిలో ఓరల్ టెస్ట్ గట్టెక్కాను. ఆక్లండ్‌లో మనవాళ్లు చాలామంది ‘ఆ కోర్సులో చేరొచ్చా’ అని అడుగుతున్నారు కాబట్టి వెంటనే రాస్తున్నా.

చేరడం, పలకరింపులు, అంకెలు అన్నీ తేలికే. ఉచ్చారణలోనైతే మనదే పైచేయి. కరవడాన్ని మావోరిలో ‘ఙౌ’ అంటారు. క్లాసులో తెల్లవాళ్లు మాట మొదట్లో ఆ ధ్వని పలకలేక ‘నౌ’ అంటుంటే, ‘క ఖ గ ఘ ఙ’ దిద్దిన నేను మొదటిసారే పలికేశాను.

నన్ను ఏడిపించింది టెస్టే. ‘మీకు జరిగిన సంఘటన ఒకటి చెప్పండి’ అన్నారు. పక్కింటి కుక్క కరిచిన సంగతి ఎత్తుకున్నాను: ‘ఇ ఙౌ తె కురీ ఇ అ ఔ’. టెస్ట్ పెట్టిన టీచరమ్మ ‘అనో’ అన్నారు, అంటే మళ్లీ చెప్పమని. చెప్పాను. మళ్లీ ‘అనో’. వెనక నవ్వులు. చెవులు వేడెక్కిపోయాయి. నా వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, ఇప్పటికీ అదే అంటాను. ఏం కావాలో చెప్పకుండా అందరి ముందూ నిలబెట్టడం ఏం పద్ధతి?

చివరికి నాతో చదివే మావోరి పెద్దావిడ మెల్లగా అందించింది: ‘ఇ ఙౌఆ ఔ ఎ తె కురీ’. కుక్క చేత నేను కరవబడ్డాను! తెలుగులో ఇలా ఎవరూ అనరు. వాళ్లకు మాత్రం జరిగిపోయిన పని ఎవరి మీద పడిందో చెప్పాలంటే అదే సహజం. నీళ్లు తాగమనడానికి కూడా ‘ఇనుమియా తె వై’ అనే కర్మణి రూపమే.

మా పుస్తకంలో ఈ కర్మణి రూపం కోసం క్రియ చివర చేర్చే ‘ఆ’, ‘తియా’, ‘హియా’, ‘మియా’ అనే తోకలన్నీ ఒక పట్టికలో పడేశారు. ఏ క్రియకు ఏ తోకో చెప్పరు. ఆ పట్టిక వదిలేయండి. క్రియను తోకతోనే నేర్చుకోండి: ఙౌ, ఙౌఆ, ఇను, ఇనుమియా. తాగడానికి పాత మాట ‘ఇనుమ్’. తెలుగులాగే మావోరి కూడా మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష కదా, చివరి మకారం రాలిపోయి తోకలో మిగిలింది. మావోరికి చుట్టమైన మలయ్ భాషలో ఇప్పటికీ ‘మినుమ్’ అంటారు. ఇది క్లాసులో ఒక్క ముక్క చెప్పినా నాకు ఇంత టెన్షన్ ఉండేది కాదు.

‘ఙౌ’ మాత్రం గట్టిగా పట్టుకోండి. దోమ కుట్టినా అదే. నమలడం ఙౌఙౌ. కుక్కలతో పందుల్ని వేటాడటం ఫకఙౌ. వెనకాల చెడు చెప్పడం ఙౌ తుఅరా, అంటే వీపు కొరకడం.

పాసయ్యాను. వచ్చే టర్మ్‌లో పై లెవెల్‌లో చేరుతున్నాను.