చింతపల్లి రోడ్డు మీద ఫితూరి కథ

డిసెంబరులో నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే కార్లన్నీ మంచు కోసమే వెళ్తాయి. మేమూ అందుకే చీకటుండగానే బయల్దేరాం. డౌనూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే మావాడొకడు "రోడ్డు భలే ఉందిరా" అన్నాడు. డ్రైవరు చింతపల్లి వైపు కుర్రాడు. "మా ముత్తాతల కాలంలో కొట్టిన దారే సార్ ఇది. కూలి డబ్బులు ఇంకా రావాలి" అని నవ్వాడు.

నవ్వుతూ అన్నా, ఉన్నమాటే అన్నాడు. ఇంగ్లీషు వాళ్ళ కాలంలో గూడెం కొండ ప్రాంతానికి డిప్యూటీ తాసిల్దారుగా చేసిన బాస్టియన్ అనే అధికారి నర్సీపట్నం-చింతపల్లి రోడ్డు పనికి కొండ జనాన్ని తోలుకొచ్చి, కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్నాడు. భట్టిపనుకుల మునసబు గాం గంటం దొర ఉద్యోగం పోవడం వెనకా అతనే ఉన్నాడు. మనం బళ్ళో చదువుకున్న మన్యం కథ అల్లూరితో మొదలవుతుంది. కొండ మీద వినే కథలో ముందు రోడ్డు, అడవి, కల్లు వస్తాయి. అల్లూరి వచ్చేసరికి సగం కథ అయిపోతుంది.

లంబసింగి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చలి, పొగమంచు, సెల్ఫీలు, రోడ్డు పక్కన మ్యాగీ. చింతపల్లి దాటాక డ్రైవరు బండిని వాళ్ళ ఊరి దారి పట్టించడంతో అసలు ప్రయాణం మొదలైంది.

వాళ్ళ పెదతాత జీలుగు చెట్టు దగ్గరున్నాడు. కల్లు గీసే చెట్టది. చెట్టుకి వెదురు బొంగు కట్టి ఉంది. గణుపుల దగ్గర కొమ్మల మొదళ్ళు వదిలేశారు, అవే మెట్లు. ఆ వయసులో చకచకా ఎక్కి, గెల కొసని కత్తితో సన్నగా ఒక పొర కోసి, కుండ మార్చి దిగాడు. రోజూ అలా కొత్తగా కోయకపోతే ఊట ఆగిపోతుందట. ఆకు దొప్పలో పోసిచ్చాడు. పొద్దుటి కల్లు కాబట్టి తియ్యగానే ఉంది, చివర్లో చిన్న పులుపు.

"దీనికీ పన్ను కట్టించుకున్నారు బాబూ" అన్నాడు. ఆయన విన్నదేదో నాకు తెలీదు గానీ, కాగితాల్లోనూ అదే ఉంది. ఇటు రంప కొండల వైపు మున్సబుదారు, అంటే అక్కడి జమీందారు లాంటి వాడు, కల్లు మీద 'చిగురుపన్ను' వసూలు చేసేవాడు. దానికి తోడు ఇంగ్లీషు సర్కారు కొత్త అబ్కారీ చట్టం తెచ్చి, సొంతానికి గీసుకునే కల్లుని కూడా కాంట్రాక్టర్ల చేతిలో పెట్టింది. 1879 మార్చిలో రంపలో ఫితూరి, అంటే తిరుగుబాటు, లేచింది. ఏప్రిల్‌కి గూడెం వైపు, జూలైకి భద్రాచలం తాలూకా రేకపల్లికి పాకింది. కారం తమ్మన్న దొర లాంటి వాళ్ళు నడిపిన ఆ ఫితూరిని అణచడానికి మద్రాసు నుంచి సైన్యం రావాల్సి వచ్చింది. అల్లూరి అప్పటికింకా పుట్టలేదు.

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం. ఏళ్ళు గడిచేకొద్దీ రిజర్వు అడవి హద్దులు ఊళ్ళ దాకా వచ్చాయి. పోడు కొడితే కేసు, కట్టె తెస్తే జరిమానా. సర్కారోళ్ళు వస్తే సామాన్లు మోయడం వెట్టి. "మా తాత పోలీసోళ్ళ బియ్యం కావిళ్ళు మోశాడు. భుజం మీద కాయ కాసిపోయిందట" అన్నాడు పెద్దాయన. ఇదంతా తెలిశాక, పరాయి మనిషి ఒకాయన వచ్చి అమాయకుల్ని మేల్కొలిపాడని మనం చెప్పుకునే తీరు నాకు మింగుడు పడలేదు. అల్లూరిని తక్కువ చేయడం లేదు. పెద్దాయనే ఆయన పేరెత్తినప్పుడు రెండు చేతులూ జోడించాడు. కానీ ఆ వెంటనే "మా గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర లేకపోతే ఆయనకి దారి చూపించేదెవరు తాతా?" అని డ్రైవరు అడిగితే, "అదీ అడుగు" అన్నాడు.

మధ్యాహ్నం చింతపల్లి తిరిగొచ్చాం. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం పోలీస్ స్టేషన్ మీద చేసిన మొదటి దాడి ఈ ఊళ్ళోనే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు పట్టుకెళ్ళారు. తీసుకెళ్ళినవన్నీ రిజిస్టర్లో రాసి మరీ వెళ్ళారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మన్యం నాయకుడు వీరయ్య దొరని విడిపించుకున్నారు.

దిగేటప్పుడు దామనపల్లి మాట వచ్చింది. సెప్టెంబరు 24న అక్కడి ఘాట్లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారుల్ని ఫితూరి దళం కాల్చి చంపింది. ముందు నడిచిన మామూలు సిపాయిల్ని పోనిచ్చి, దొరలు వచ్చేదాకా ఆగారని చెబుతారు. వాళ్ళ సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఆ తర్వాత మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ వచ్చాక ఊళ్ళు పడ్డ పాట్లకి మాత్రం గుర్తుగా నాకు ఒక్క రాయి కూడా కనిపించలేదు.

1924 మే 7న అల్లూరిని కొయ్యూరులో కాల్చేశారు. నెల తర్వాత గంటం దొర కూడా పోరులోనే పోయాడు. తమ్ముడు మల్లు దొర అంతకుముందే పట్టుబడి అండమాన్ జైలుకి వెళ్ళాడు. బతికి తిరిగొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎంపీగా గెలిచాడు. మా కార్లో ఈ సంగతి తెలిసింది డ్రైవరు ఒక్కడికే.