జెరూసలేంలో ఆశ్వయుజం

2019లో మా వరంగల్‌లో దసరా జరుపుకున్న సాయంత్రమే జెరూసలేంలో యోమ్ కిప్పూర్ మొదలైంది. అక్టోబర్ 8. యూదుల నెలలూ చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి. తిష్రీ నెల పదో రోజు వాళ్లకు యోమ్ కిప్పూర్, అంటే ప్రాయశ్చిత్త దినం. ఆ ఏడు అది మన ఆశ్వయుజ శుద్ధ దశమి సాయంత్రం మొదలైంది. వాళ్లకూ అధికమాసం ఉంది, 19 ఏళ్లలో ఏడుసార్లు. హీబ్రూ యూనివర్సిటీలో క్లాసులు ఎలాగూ ఈ పండగలయ్యాకే మొదలవుతాయి కాబట్టి, ఆ నెలంతా వాళ్లతోపాటే గడపాలనుకున్నాను.

నేనూ ఉపవాసం ఉన్నాను. మనలా పాలూ పండ్లూ ఉండవు, దాదాపు 25 గంటలు మంచినీళ్లు కూడా ముట్టరు. బస్సులు, ట్రాములు ఆగిపోయాయి. ఎయిర్‌పోర్టు కూడా మూసేశారు. మెయిన్ రోడ్ల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. మర్నాడు మధ్యాహ్నం స్కోపస్ కొండ మీది హాస్టల్ నుంచి పాత నగరంలో యూదులు పవిత్రంగా భావించే పశ్చిమ గోడ దాకా నడిచాను. దారిలో తెల్లబట్టల్లో కుటుంబాలు, కాళ్లకు గుడ్డ బూట్లు. ఆ రోజు తోలు చెప్పులు వేసుకోరు.

గోడ దగ్గర ఆఖరి ప్రార్థన నెయీలా. స్వర్గ ద్వారాలు మూసుకునే వేళ అని వాళ్ల నమ్మకం. గొంతులు ఎండిపోయినవాళ్లు అంత గట్టిగా ఎలా ప్రార్థించారో! చీకటి పడ్డాక షోఫార్, అంటే పొట్టేలు కొమ్ము బూర, ఒక్కసారి పొడుగ్గా మోగింది. ఇక అందరూ నీళ్ల కోసం పరిగెడతారనుకున్నాను. చాలామంది అక్కడే నిలబడి, ఏకాదశి చంద్రుణ్ణి చూస్తూ ఇంకో ప్రార్థన మొదలుపెట్టారు. నాకు కళ్లు చెమర్చాయి.

ఆ రాత్రే వీధుల్లో సుత్తుల చప్పుడు. పౌర్ణమికి పర్ణశాలల పండుగ, సుక్కోత్. బాల్కనీల్లో, పెరళ్లలో పందిళ్లు లేచాయి. కప్పు ఆకులదే కావాలి, రాత్రి నక్షత్రాలు కనబడాలి. మార్కెట్లో పండగ ప్రార్థనలో పట్టుకునే మాదీఫలాన్ని భూతద్దం పెట్టి చూసి కొంటున్నారు, చిన్న మచ్చ కూడా ఉండకూడదట. పండగ మధ్యలో గోడ దగ్గర యాజకుల ఆశీర్వాదానికి వేలాదిగా జనం వచ్చారు. అదీ గొప్పగానే ఉంది. కానీ నాకు అసలు క్షేత్రం మా ప్రొఫెసర్ గారి పందిరే.

అక్కడ భోజనాల దగ్గర వాళ్లమ్మగారు మా పండగ గురించి అడిగారు. బతుకమ్మను పూలతో ఎలా పేరుస్తారో, చివరికి చెరువులో ఎలా వదులుతారో చెప్పాను. పూర్వం జెరూసలేంలో యూదుల దేవాలయం ఉన్న కాలంలో సుక్కోత్ పండక్కి సిలోయము కోనేటి నీళ్లు తెచ్చి బలిపీఠం మీద పోసేవారని, అది వానల కోసమని ఆవిడ చెప్పారు. మాకు వానలు వెనక్కిపోయే నెల, వాళ్లకు వానల కోసం ఎదురుచూసే నెల. చెరువుల గురించి, కరువుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. సుక్కోత్ ముగిసిన మర్నాడు వాన కోసం చేసే ప్రార్థనకు రమ్మన్నారు. వెళ్లాను.