ఒక్క బిట్ కోసం ఇంత చదవాలా? క్రూసేడ్లతో నా ప్రిపరేషన్

లెక్చరర్ పోస్టుల ఫైనల్ లిస్టులో నా నంబరు కనపడినప్పటి నుంచి మెసేజ్‌లు ఆగడం లేదు. అందరూ అడిగేది ఇండియన్ హిస్టరీకి ఏ పుస్తకం చదివారు, రోజుకి ఎన్ని గంటలు కూర్చున్నారు అని. వాటి గురించి నాకంటే బాగా చదివినవాళ్లు ఇప్పటికే రాసేశారు. శాతవాహనులు, కాకతీయులు, విజయనగరం మనందరం నిద్రలో లేపి అడిగినా చెప్తాం. అక్కడ ఒకరికీ ఒకరికీ పెద్ద తేడా ఉండదు. తేడా వచ్చేది ప్రపంచ చరిత్రలో, అందులోనూ చాలామంది ‘చివర్లో చూద్దాంలే’ అని పక్కన పెట్టే మధ్యయుగ ఐరోపాలో. లెక్చరర్ పోస్టుకి ప్రిపేర్ అయ్యేవాళ్లకి నేను కొత్తగా చెప్పగలిగింది అక్కడే ఉంది. నన్ను గట్టెక్కించిన చాప్టర్ క్రూసేడ్లు.

మన నోట్సుల్లో ఈ చాప్టర్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక టేబుల్. మొదటిది 1096–99, రెండోది 1147–49, మూడోది 1189–92, నాలుగోది 1202–04, ఇలా ఎనిమిది వరుసలు. పక్కన పోప్ పేరు, రాజు పేరు, ఫలితం. కింద ‘క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య జెరూసలేం కోసం జరిగిన పవిత్ర యుద్ధాలు’ అని ఒక వాక్యం. కిందటిసారి నాకు ఆ టేబుల్ కంఠతా వచ్చు. అయినా లిస్టులో పేరు రాలేదు. చదవక కాదు. డైరెక్ట్ ప్రశ్న అడిగితే టేబుల్ చాలు. కాలక్రమంలో పెట్టమన్నప్పుడు, అసర్షన్–రీజన్ ఇచ్చినప్పుడు అది చేతులెత్తేస్తుంది.

దారి మారింది ఒక గ్రాండ్ టెస్టుతో. 1099లో క్రూసేడర్లు జెరూసలేంను ఎవరి చేతిలోంచి తీసుకున్నారు అన్నది ప్రశ్న. నేను ఫాతిమీద్‌లు (ఈజిప్టు ఏలిన షియా వంశం) అని పెట్టాను. కోచింగ్‌వాళ్ల కీలో సెల్జుక్ టర్కులు అని ఉంది. వెళ్లి అడిగితే సార్, ‘సెల్జుక్‌లు యాత్రికుల్ని ఇబ్బంది పెట్టారనే కదమ్మా యుద్ధం మొదలైంది. వాళ్ల దగ్గర్నుంచి కాకపోతే ఇంకెవరి దగ్గర్నుంచి తీసుకుంటారు?’ అన్నారు. లాజిక్ బాగానే ఉంది. చరిత్ర మాత్రం అలా నడవలేదు. సెల్జుక్‌ల పక్షాన వచ్చిన టర్కులు 1070ల్లో జెరూసలేంను పట్టుకున్నది నిజమే. కానీ 1098లో క్రూసేడర్లు ఇంకా ఆంటియోక్ దగ్గరే ఉండగా, కైరో నుంచి ఫాతిమీద్ వజీర్ అల్ అఫ్దల్ సైన్యంతో వచ్చి దాన్ని మళ్లీ లాక్కున్నాడు. ఏడాది తిరక్కుండానే, 1099 జులై 15న, నగరం క్రూసేడర్ల చేతికి వెళ్లింది. అంతకుముందు ఫాతిమీద్ దూతలు ఆంటియోక్ దగ్గర క్రూసేడర్ల శిబిరానికి వచ్చి ఒప్పందం మాట్లాడారు కూడా. కైరోలో షియా ఖలీఫా, బాగ్దాద్‌లో సున్నీ ఖలీఫా. కైరోవాళ్ల దృష్టిలో సెల్జుక్‌లే పెద్ద శత్రువులు.

ఆ సాయంత్రం నాకు వచ్చిన మార్కు కంటే ఈ విషయం ఎక్కువ పని చేసింది. మనం ‘ముస్లింలు’ అని ఒక్క గడిలో రాసుకున్న పక్షం నిజానికి ఒక పక్షమే కాదు. అక్కడి నుంచి నేను టేబుల్ పక్కన పడేసి, రెండు వైపులా ఏం జరుగుతోందో ఒకే కాగితం మీద పక్కపక్కన రాయడం మొదలుపెట్టాను. ఎడమ వైపు పోప్‌లు, రాజులు. కుడి వైపు కైరో, దమాస్కస్, మోసుల్, బాగ్దాద్.

చేసి చూడండి, వెంటనే తెలుస్తుంది. 1092లో కొద్ది వారాల తేడాలో వజీర్ నిజాముల్ ముల్క్ హత్య, సుల్తాన్ మాలిక్ షా మరణం. సెల్జుక్ సామ్రాజ్యం వారసుల మధ్య ముక్కలైంది. 1094లో ఫాతిమీద్ ఖలీఫా, ఆయన వజీర్, బాగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫా, ముగ్గురూ పోయారు. 1095 మార్చిలో బైజాంటైన్ చక్రవర్తి అలెక్సియస్ దూతలు పియాచెంజాలో పోప్ అర్బన్ 2ను సాయం అడిగారు, నవంబర్ 27న క్లెర్మాంట్‌లో పోప్ పిలుపు ఇచ్చాడు. 1071లో మాంజికర్ట్ దగ్గర సెల్జుక్‌ల చేతిలో ఓటమి తర్వాత ఆసియా మైనర్‌లో పోయింది తిరిగి తెచ్చుకోవడానికి అలెక్సియస్‌కి కావలసింది కిరాయి సైనికులు. వచ్చిపడింది ఒక జనప్రవాహం. మొదటి క్రూసేడ్ ఎందుకు గెలిచింది అంటే నోట్సుల్లో ‘మత ఉత్సాహం’ అని ఉంటుంది. ఉత్సాహం ఆ తర్వాత వాటిలోనూ ఉంది, గెలిచాయా? ఎదుటివాళ్లు చీలి ఉన్న సమయానికి వీళ్లు వెళ్లారు. మూడు మార్కుల వ్యాఖ్య అయినా, బిట్ అయినా ఈ పాయింటు రాకపోతే జవాబు సగమే.

రెండో క్రూసేడ్ అయితే కుడి వైపు కాలమ్ లేకుండా అర్థమే కాదు. 1144 డిసెంబర్‌లో మోసుల్ పాలకుడు జెంగీ క్రూసేడర్ల చేతిలో ఉన్న ఎడెస్సాను తీసుకున్నాడు, దానికి జవాబుగా ఫ్రాన్స్ రాజు లూయీ 7, జర్మనీ రాజు కాన్రాడ్ 3 బయలుదేరారు. ఇంతవరకు అందరికీ వచ్చు. తీరా వచ్చాక 1148లో వాళ్లు ముట్టడించింది ఎడెస్సానో, మోసుల్‌నో కాదు, దమాస్కస్‌ని! ఆ దమాస్కస్ అప్పటికి కొన్నేళ్ల కిందటే జెంగీకి భయపడి జెరూసలేం క్రైస్తవ రాజ్యంతో పొత్తు పెట్టుకుంది. ఉన్న ఒక్క మిత్రుడి మీదకి వెళ్లి, నాలుగు రోజుల్లో వెనక్కి తిరిగారు. 1154లో దమాస్కస్ వాళ్లే జెంగీ కొడుకు నూరుద్దీన్‌కి తలుపులు తీశారు. ఆ తర్వాత నూరుద్దీన్ సేనాని షిర్కుహ్ ఈజిప్టుకి వెళ్లడం, ఆయన పోయాక 1169లో ఆయన అన్న కొడుకు సలాదిన్ వజీర్ కావడం, 1171లో ఫాతిమీద్ ఖలీఫా పదవి రద్దు. సిరియా, ఈజిప్టు ఒకే చేతిలోకి వచ్చాయి. 1187 జులై 4న హత్తీన్ యుద్ధంలో సలాదిన్ గెలుపు, అక్టోబర్ 2న జెరూసలేం ఆయన చేతికి. ఇప్పుడు చెప్పండి, 1187ని విడిగా బట్టీ పట్టాలా? 1148 తెలిస్తే 1187 దానంతట అదే వస్తుంది.

మూడోది అందరికీ వచ్చు, ఇంగ్లండ్ రాజు రిచర్డ్, సలాదిన్. రెండే మాటలు. జర్మన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా యుద్ధంలో పోలేదు, 1190లో దారిలో నదిలో మునిగి చనిపోయాడు. 1192 ఒప్పందంతో జెరూసలేం సలాదిన్ దగ్గరే ఉండిపోయింది, ఆయుధాలు లేని క్రైస్తవ యాత్రికులకు దారి దొరికింది. మూడో క్రూసేడ్ జెరూసలేంను తిరిగి గెలిచిందని రాసిన బిట్ బ్యాంకు నా దగ్గర ఉండేది, ఇప్పుడది ఎవరి దగ్గర ఉన్నా ఆ పేజీ కొట్టేయండి. 1192 అనగానే మనకి రెండో తరాయిన్ గుర్తు రావాలి. ఒకే ఏడాది.

నాలుగో క్రూసేడ్‌ని నేను ఇష్టపడి చదివాను. దండుకి ఓడలు కావాలి. 33,500 మందిని, 4,500 గుర్రాలని ఈజిప్టు వైపు దాటించడానికి వెనిస్‌తో 85,000 వెండి మార్కులకి ఒప్పందం కుదిరింది. వెనిస్ ఓడలు కట్టింది. తీరా చూస్తే వచ్చినవాళ్లు మూడోవంతు. డబ్బు కట్టలేకపోయారు. వయసు మీద పడి, చూపు పోయిన వెనిస్ పాలకుడు (డోజ్) దండోలో ఒక దారి చూపించాడు: మా మీద తిరగబడిన జారా పట్టణాన్ని కొట్టి ఇవ్వండి, బాకీ తర్వాత చూసుకుందాం. జారా క్రైస్తవ పట్టణం. పోప్ ఇన్నోసెంట్ 3 వద్దన్నాడు, 1202లో వాళ్లు కొట్టేశారు. తర్వాత తండ్రి సింహాసనం పోగొట్టుకున్న బైజాంటైన్ యువరాజు ఒకడు వచ్చి, నన్ను రాజుని చేస్తే 2,00,000 మార్కులు ఇస్తానన్నాడు. చేశారు, అతను ఇవ్వలేకపోయాడు. 1204 ఏప్రిల్‌లో క్రూసేడర్లు కాన్‌స్టాంటినోపుల్‌ని, తూర్పు క్రైస్తవుల రాజధానిని, దోచుకున్నారు. నేను బయటకి చదువుతుంటే అమ్మ వింటూ, ‘అప్పిచ్చినవాడు చూపించిన ఊరి మీదకి వెళ్లారన్నమాట’ అంది. నాలుగో క్రూసేడ్ మీద ఇంతకంటే మంచి షార్ట్ నోట్ నాకు ఏ మెటీరియల్‌లోనూ దొరకలేదు.

ఆరోది ఇంకా విచిత్రం. పోప్ మతం నుంచి వెలివేసిన చక్రవర్తి ఫ్రెడరిక్ 2 వెళ్లి, ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్‌తో 1229లో ఒప్పందం చేసుకుని, యుద్ధం లేకుండా జెరూసలేంను పదేళ్లకి తీసుకున్నాడు. మసీదుల ప్రాంగణం ముస్లింల దగ్గరే ఉంది. ఇద్దరినీ వాళ్ల సొంత మనుషులే తిట్టారు. అసర్షన్: ఆరో క్రూసేడ్ జెరూసలేంను సాధించింది. రీజన్: పోప్ సంపూర్ణ మద్దతు ఉంది. ఇలాంటి జతలు మీరే తయారు చేసుకుని ఒకరినొకరు అడగండి.

గ్రూపులో ఈ చాప్టర్ వచ్చిందంటే చాలు, ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అని గొడవ మొదలయ్యేది. చరిత్ర చెప్పబోయేవాళ్లం మనం. 1096లో ఇంకా ఐరోపా దాటకముందే వోర్మ్స్, మైన్జ్ పట్టణాల్లో యూదులని చంపారు. 1099లో జెరూసలేంలో ముస్లింలనీ యూదులనీ ఊచకోత కోశారు. 1191లో పాలస్తీనా తీరంలోని ఏకర్ రేవు దగ్గర రిచర్డ్ సుమారు 2,700 మంది ఖైదీలని చంపించాడు. 1268లో ఆంటియోక్‌లో ఈజిప్టు సుల్తాన్ బైబర్స్ సైన్యం చేసింది తక్కువేం కాదు. ఇవన్నీ రాసుకోవాలి. రాసుకుని, కోపాన్ని పక్కన పెట్టి తర్వాతి పేజీకి వెళ్లాలి. ఆ గొడవల్లో రాత్రి పదకొండు దాకా టైప్ చేసినవాళ్లు ఆ టైములో ఒక మాక్ టెస్ట్ రాసి ఉంటే ఎంత బాగుండేది. ఫోన్ పక్క గదిలో పెట్టమంటే నవ్వుతారు గానీ, నేను అమ్మకి ఇచ్చి అడిగినా ఇవ్వొద్దని చెప్పేదాన్ని. మోటివేషన్ వీడియోలు చూసి ఎవరూ సెలెక్ట్ అవలేదు. సరే, ఇది ఆపుతాను.

‘ఒక్క బిట్ కోసం ఇంత చదవాలా?’ అని మా ఇంట్లోనే అన్నారు. నిజమే, క్రూసేడ్లు అన్న పేరుతో నేరుగా వచ్చేది తక్కువ. కానీ దీని వేళ్లు పక్క చాప్టర్లలోకి పాకి ఉంటాయి. వెనిస్, జెనోవా, పీసా వ్యాపారం ఎలా పెరిగింది అన్నది పునరుజ్జీవనంలో కావాలి. కాన్‌స్టాంటినోపుల్ 1204 దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోలేదన్నది 1453లో అది టర్కుల చేతికి పోవడానికి కావాలి. ఇంకొకటి, అరబ్బుల విజ్ఞానం ఐరోపాకి క్రూసేడ్ల వల్లే చేరిందని నోట్సుల్లో ఉంటుంది. అనువాదాలు ఎక్కువగా జరిగింది స్పెయిన్‌లోని టొలెడోలో, సిసిలీలో. టొలెడో క్రైస్తవుల చేతికి వచ్చింది 1085లో, క్లెర్మాంట్‌కి పదేళ్ల ముందు. ‘వల్లే’ అని కనపడగానే ఆప్షన్ మీద అనుమానం రావాలి.

మన చరిత్రతో జత చేసుకుంటే ఇంకా సులువు. 1250లో ఫ్రాన్స్ రాజు లూయీ 9 ఈజిప్టులో పట్టుబడ్డ రోజుల్లోనే కైరోలో మమ్లూకులు (బానిస సైనికులు) అధికారంలోకి వచ్చారు, షజరుద్దుర్ అనే రాణి కొద్దికాలం సుల్తాన్‌గా ఉంది. ఢిల్లీలో అప్పటికే బానిస వంశం, రజియా పాలన ముగిసి పదేళ్లు. 1260లో ఐన్ జాలూత్ దగ్గర మమ్లూకులు మంగోలులని ఓడించారు. మంగోలు సేనాని కిత్‌బుకా క్రైస్తవుడు, అయినా ఏకర్ క్రైస్తవులు మమ్లూకులకే దారి ఇచ్చారు. మార్కో పోలో తండ్రితో కలిసి 1271లో తూర్పుకి కదిలింది ఆ ఏకర్ నుంచే. కాకతీయుల మోటుపల్లి రేవు గురించి, అక్కడి సన్నని బట్టల గురించి రాసింది ఆయనే కదా. ఆయన ఇంకా తిరుగు ప్రయాణం మొదలుపెట్టకముందో, పెట్టగానేనో, 1291 మే 18న ఏకర్ మమ్లూకుల చేతికి పోయింది.

టెంప్లర్లు, హాస్పిటలర్లు, ట్యూటానిక్ నైట్‌లు, అంటే క్రూసేడ్ల నాటి సైనిక సన్యాసి సంఘాలు, ఒక పేజీలో అయిపోతారు. టెంప్లర్లకి 1307 అరెస్టులు, 1312 రద్దు, రెండూ వేరు అని గుర్తుంచుకుంటే చాలు.

నోట్స్ ఫొటోలు అడుగుతున్నారు. నా చేతిరాత నాకే అర్థం కాదు, పంపినా లాభం లేదు. మ్యాప్ మాత్రం మీరే గీసుకోండి. ఎడెస్సా, ఆంటియోక్ ఇప్పటి టర్కీలో, ఉర్ఫా, అంతాక్యా పేర్లతో. ట్రిపోలీ అంటే లిబియాది కాదు, లెబనాన్‌ది, మ్యాచింగ్‌లో చాలామంది పోయేది అక్కడే. ఏకర్ హైఫాకి పైన. డమియెట్టా నైలు ముఖద్వారం దగ్గర, ఐదో, ఏడో క్రూసేడ్లు రెండూ దిగింది అక్కడే. లూయీ 9 చనిపోయిన ట్యూనిస్ కూడా అదే మ్యాప్‌లో పట్టాలి, కాగితం అడ్డంగా తిప్పి గీయండి.