ఆదుర్రు స్తూపం దగ్గర మావయ్య ప్రశ్నలు

కోనసీమ వచ్చినవాళ్లు అంతర్వేది, అప్పనపల్లి చూసుకుని వెళ్లిపోతారు. అదే మామిడికుదురు మండలంలోని ఆదుర్రులో ప్రాచీన బౌద్ధ స్తూపం ఉందంటే అమలాపురంలో మా వాళ్లే సగం మంది నమ్మలేదు. మావయ్య మాత్రం "పద, చూసొద్దాం" అని బండి తీశాడు. బోడసకుర్రు వంతెన మీదుగా వెళ్తే దగ్గర. కానీ అక్విడెక్టు చూపించాలని పట్టుబట్టి పి.గన్నవరం మీదుగా తిప్పాడు.

ఆ తిప్పడం నాకు కలిసొచ్చింది. కింద వైనతేయ పాయ, దాని మీదుగా కాలువ. బండి ఆపి పిట్టగోడకి ఆనుకున్నాక మావయ్య అడిగాడు, "ఇంతకీ బౌద్ధం అంటే ఏంట్రా, రెండు ముక్కల్లో చెప్పు." ప్రతీత్యసముత్పాదం అన్నాను. నోరు తిరగని మాటే, కానీ డెల్టా రైతుకి దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది ఆగితే అదీ ఆగుతుంది. ధవళేశ్వరంలో నీళ్లు వదిలితే కాలువ, కాలువ పారితే బోదె, బోదె నిండితే చేను. ఎండాకాలం కాలువ కట్టేస్తే చివరి మడి దాకా అన్నీ బంద్. మనిషి దుఃఖం కూడా అలాగే ఒకదాని వెనక ఒకటిగా వస్తుందని, ఆ వరసలో పన్నెండు లంకెలున్నాయని బౌద్ధులు లెక్క కట్టారు. అవిద్యతో మొదలై జరామరణాల దగ్గర తేలుతుంది. మధ్యలో తృష్ణ, అంటే తీరని కోరిక, అనే లంకె ఉంది, లాకులు వేయాల్సింది అక్కడ. మావయ్య తలూపాడు. ఈ అక్విడెక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు కదా, ఆవిడ ఈ గడ్డ మీద ఆకలన్నవాళ్లందరికీ అన్నం పెట్టింది. బుద్ధత్వానికి పెంచుకోవాల్సిన పది సుగుణాల్లో, అంటే పారమితల్లో, మొదటిది దానమే అని చెబితే అది మాత్రం ఆయనకి వెంటనే ఎక్కింది.

ఆదుర్రులో సాంచీ లాంటి గుమ్మటాన్ని ఊహించుకుని వెళ్తే నీరసమే. పైభాగం లేదు. కొబ్బరితోటల మధ్య గుండ్రటి ఇటుక కట్టడం, బండి చక్రంలాంటి పునాది మిగిలాయి. వంగి చూస్తే ఒక్కో ఇటుక ఇప్పటి ఇటుక కంటే బాగా పెద్దది. సందుల్లో నాచు, దాని మీద చీమల బారు. నాలుగు వైపులా అరుగులు ముందుకొచ్చి ఉన్నాయి. వాటిని ఆయక వేదికలంటారు, ఆంధ్ర స్తూపాల ప్రత్యేకత అదే. అమరావతి, నాగార్జునకొండల్లో ఒక్కో వేదిక మీద అయిదేసి స్తంభాలు నిలిపేవారు. పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, సారనాథ్‌లో మొదటి బోధ, మహాపరినిర్వాణం... ఈ అయిదు ఘట్టాలకూ అవి గుర్తులని చెబుతారు. ఆ మొదటి బోధకే ధర్మచక్ర ప్రవర్తనమని పేరు. దుఃఖం ఉంది, దానికి తృష్ణ కారణం, ఆ కారణం పోతే దుఃఖమూ పోతుంది, పోగొట్టుకునే దారి అష్టాంగ మార్గం. చెప్పింది ఈ నాలుగే.

అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ ఇక్కడ ఆగి పునాది వేసిందని ఇక్కడ చెప్పుకుంటారు. వినడానికి బాగుంది. సింహళ చరిత్ర గ్రంథం మహావంశంలో మాత్రం ఆమె ఓడ బోధివృక్షం కొమ్మతో బయల్దేరింది తామ్రలిప్తి రేవు నుంచి, అంటే బెంగాల్ వైపు నుంచి. అందుకని ఆ కథని నేను కథగానే ఉంచుకుంటాను.

చెప్పులు విడిచి ఇద్దరం కుడివైపుగా ఓ చుట్టు తిరిగాం. మావయ్య చేతులు జోడించి, "ఇక్కడ ఏం మొక్కుకోవాల్రా?" అన్నాడు.

"మొక్కులేం లేవు మావయ్యా. బుద్ధుడు వరాలిచ్చే దేవుడు కాడు. బుద్ధుడు, ధర్మం, సంఘం... ఈ మూడింటినీ శరణు కోరతారు, అంతే."

"మరి మన పిల్లకి సంబంధం కుదరాలంటే?"

"సంబంధాలు చూడాలి."

ఆయన నవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు మామిడికుదురులో టీ తాగుతూ అసలు మెలిక పెట్టాడు. "ఆత్మ లేదంటారు, మళ్లీ జన్మ ఉందంటారు. మరి ఆ పుట్టేదెవడ్రా? వీడు చేసిన పాపం వాడెవడో మొయ్యాలా?"

పాతకాలం నుంచీ అందరినీ తినేసిన ప్రశ్న ఇది. గ్రీకు రాజు మిలిందుడు కూడా నాగసేనుడనే బౌద్ధ భిక్షువుని ఇదే అడిగాడు. ఒకడు తోటలో మామిడిపళ్లు దొంగిలించి, "మీరు నాటింది వేరే పళ్లు, నేను కోసింది వేరే పళ్లు, నాకు శిక్షేంటి?" అంటే వదిలేస్తారా అని నాగసేనుడు తిరిగి అడిగాడు. నాటిన పండూ కోసిన పండూ ఒకటి కావు, అలాగని సంబంధం లేనివీ కావు. కర్మ కూడా అలాగే సాగుతుంది, మోసుకెళ్లే ఆత్మ అక్కర్లేదు.

మావయ్య గ్లాసు పక్కన పెట్టి, "దొంగకి శిక్ష వెయ్యాలి, ఒప్పుకుంటా. కానీ ఆ పళ్లకి తోట ఒకటే కదరా! మీ వాళ్లు ఆ తోట కూడా లేదంటున్నారుగా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. టీ డబ్బులు నేనే ఇచ్చాను.