పలకరింపు తగ్గిన కాలం

ఒకప్పుడు మనిషి తనలో తాను దిగమింగుకున్న ఒంటరితనం ఇప్పుడు ప్రభుత్వాలు పట్టించుకునే విషయమైంది. 2018లో బ్రిటన్, 2021లో జపాన్ దీని బాధ్యతను మంత్రులకు అప్పగించాయి. మంత్రి వచ్చి మన తలుపు తట్టడు, అది వేరే సంగతి.

1938లో హార్వర్డ్‌లో మొదలై దశాబ్దాలుగా సాగుతున్న పరిశీలనలో, నడివయసులో తమ అనుబంధాలతో తృప్తిగా ఉన్నవారే వార్ధక్యంలో ఎక్కువ ఆరోగ్యంగా కనిపించారు. మనమేమో పుట్టినరోజు నాడు వాట్సాప్‌లో వచ్చిన పూలగుత్తి బొమ్మకు చేతులు జోడించిన బొమ్మ ఒకటి బదులిచ్చి, ఒకరి గొంతు ఒకరు వినకుండానే ఏడాది బాకీ తీర్చేసుకుంటున్నాం. ఫోన్ చేస్తే అవతలివారికి ఇబ్బందేమోనన్న మొహమాటం మర్యాదలాగే కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అందులో సగం బద్ధకమే. ‘బాగున్నాను’ అన్న జవాబులో నిజమెంతో పసిగట్టాలంటే, ఆ మాటకు ముందు గొంతు ఎంతసేపు తటపటాయించిందో వినవలసిందే.