టీఎస్‌హెచ్ నార్మల్, నేను మాత్రం కాదు

బాబు పుట్టినప్పుడు మాయ పూర్తిగా రాలేదు. రక్తం ధారగా పోయి బీపీ పడిపోయింది. రక్తం ఎక్కించి బతికించారు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

పాలు మాత్రం చుక్క కూడా పడలేదు. అత్తయ్య వెల్లుల్లి కారం, సొరపుట్టు, మెంతులు అన్నీ పెట్టి చూశారు. చివరికి బాబుకు డబ్బాపాలే దిక్కయ్యాయి. నెలసరీ రాలేదు. పాలిచ్చే తల్లికి ఆలస్యమవుతుందిలే అన్నారు. నేను పాలే ఇవ్వడం లేదు కదా! ఆ చిన్న సంగతి డాక్టర్లలోనూ ఎవరికీ తట్టలేదు.

తరువాత కొన్నేళ్లు ఐరన్ మాత్రలతోనే గడిచాయి. వేసవిలోనూ దుప్పటి కావాలి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, చంకల్లో వెంట్రుకలు రాలిపోయాయి. థైరాయిడేమోనని టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) పరీక్ష చేయిస్తే నార్మల్. ఆ హార్మోన్‌ను తయారుచేసేదే మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి. అది దెబ్బతింటే ఆ అంకెను నమ్మడానికి లేదు, థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్, ఫ్రీ టీ4 కూడా చూడాలి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక డాక్టరు టీ4 చూశారు, తక్కువగా ఉందని ఆ హార్మోన్ మాత్రే అయిన థైరాక్సిన్ మొదలుపెట్టారు. కోలుకుంటాననుకుంటే వాంతులతో మంచం పట్టాను. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి రక్తంలో సోడియం 116. ఉండాల్సింది 135 పైన. అక్కడి పెద్ద డాక్టరు అడిగినవి రెండే ప్రశ్నలు: కాన్పులో రక్తం బాగా పోయిందా, పాలు పడ్డాయా. ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ పరీక్షకు రక్తం తీయించి, ఫలితం కోసం ఆగకుండా దాని మందు రూపమైన హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి ఆకలి వేసింది. అన్నం అడిగితే మావారు నమ్మలేదు.

ఎంఆర్ఐలో గ్రంథి ఉండాల్సిన చోటు దాదాపు ఖాళీ. దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. 1937లో ఈ జబ్బును వివరించిన బ్రిటిష్ పాథాలజిస్టు హెరాల్డ్ షీహాన్ పేరే దీనికి పెట్టారు. గర్భంతో ఉన్నప్పుడు పీయూష గ్రంథి పెరుగుతుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. కాన్పులో రక్తం విపరీతంగా పోతే ఆ గ్రంథి ముందు భాగం చచ్చుబడుతుంది. పాలు, నెలసరి, థైరాయిడ్, కార్టిసాల్ అన్నిటినీ నడిపే హార్మోన్లు అక్కడివే. కార్టిసాల్ లోటు ఉండగా థైరాక్సిన్ ఒక్కటే ఇస్తే ఉన్న కాస్త కార్టిసాల్ త్వరగా ఖర్చయి మనిషి కుప్పకూలవచ్చు. అందుకే ముందు హైడ్రోకార్టిసోన్, ఆ తరువాతే థైరాక్సిన్. నా విషయంలో వరుస తిరగబడింది.

ఇప్పుడు హైడ్రోకార్టిసోన్ ఉదయం లేవగానే 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5. థైరాక్సిన్, ఈస్ట్రోజన్-ప్రొజెస్టిరాన్ మాత్రలు వేరే. గ్రోత్ హార్మోన్ ఖరీదు విని ఊరుకున్నాం. స్టెరాయిడ్ అంటే చుట్టాలకు హడల్, "ఒళ్లు ఊరిపోతుందమ్మా, మానెయ్" అంటారు. ఒంట్లో తయారుకానిది, ఒంటికి కావలసినంతే వేసుకుంటున్నానని చెప్పి చెప్పి విసుగొచ్చింది. మా ఊరి మందుల దుకాణంలో హైడ్రోకార్టిసోన్ అడిగితే చర్మానికి రాసే ఆయింట్‌మెంట్ తీసి ఇచ్చారు. అందుకే నగరం వెళ్లినప్పుడే సరిపడా మాత్రలు తెచ్చుకుంటాం.

జ్వరమొస్తే హైడ్రోకార్టిసోన్ మోతాదు రెట్టింపు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఇవన్నీ రాసిన కాగితం పర్సులో ఉంటుంది. మొన్న పన్ను పీకించుకోవడానికి వెళ్లి ముందు ఆ కాగితమే చూపించాను. పళ్ల డాక్టరు నా హార్మోన్ల డాక్టరుకు ఫోను చేసి, నేను మోతాదు పెంచుకున్నాకే కుర్చీలో కూర్చోబెట్టారు.