మోకాళ్లు చూపించుకుంటే మతిమరుపు సంగతి తేలింది

నన్ను భయపెట్టింది మోకాళ్లు కాదు, మతిమరుపు. ఎదురింటావిడ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయేది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మాడు వాసనొస్తేగానీ గుర్తొచ్చేది కాదు. మా అత్తగారిది చివరి రోజుల్లో డిమెన్షియా. ఆవిడకు అన్నం తినిపించినదాన్ని కనక నాకు ఊరికే నిద్ర పట్టేది కాదు.

మోకాళ్ల ఎక్స్‌రే అప్పటికే తీశారు. గుజ్జు అరిగింది, రెండో గ్రేడు అన్నారు. ఇక చుట్టాలందరిదీ ఒకటే మాట: నడవకు, ఇంకా అరిగిపోతుంది.

మతిమరుపు గురించి చెబితే ఫిజీషియన్ ముందు విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. వాటిలో తేడా ఉన్నా మరుపు వస్తుందట. కొన్ని మాటలు చెప్పి కాసేపాగి గుర్తున్నాయా అని అడిగారు, గడియారం బొమ్మ గీయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. "నిద్ర ఎలా ఉందమ్మా? రోజూ ఎంత నడుస్తారు?" అన్నారు. నొప్పికి నిద్ర లేదు, నిద్ర లేక పొద్దున బుర్ర పనిచేయదు, నొప్పని కదలడమూ లేదు. మందేమీ రాయకుండా ఫిజియోథెరపీకి పంపారు.

అక్కడి అమ్మాయి చెప్పిందే నాకు అసలు మందు. "ఆంటీ, గుజ్జుకి రక్తనాళాలుండవు. కీలులో ఉండే ద్రవమే దానికి తిండి. కాలు కదిలి, బరువు పడి లేస్తుంటేనే అది లోపలికి వెళ్తుంది." ముందు నడకే లేదు. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి అదమడం, కాలు వంచకుండా ఎత్తి పట్టుకోవడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. తొడ కండ గట్టిపడాలి, అంతే. నొప్పికి ఆమె పెట్టిన కొలత: పదికి ఐదు దాకా ఓర్చుకోవచ్చు, మర్నాటికి మామూలైపోవాలి. అవకపోతే ఆ రోజు సగం చేయాలి, మానకూడదు. ఆ చివరి మాటే నన్ను నిలబెట్టింది.

తర్వాత విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు మీద నడక. తెల్లవారుజామున అక్కడ బళ్లు ఆపేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలంటుంది, నేను పదేసి నిమిషాల ముక్కలతో మొదలుపెట్టాను. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. నడుస్తూ బుర్రకీ పని చెప్పమంది ఆ అమ్మాయి. నేను తెలుగు సంవత్సరాల పేర్లు వెనక నుంచి చదివేదాన్ని: అక్షయ, క్రోధన, రక్తాక్షి, రుధిరోద్గారి... దుందుభి దాటితే తడబాటే. పక్కన నడిచే మావారు, "ఏంటి, మంత్రమా?" అనేవారు.

2011లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. 120 మంది పెద్దవాళ్లలో ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిచినవాళ్లకి, జ్ఞాపకాలను చూసుకునే హిప్పోకాంపస్ 2 శాతం పెరిగిందట. నా తలలో ఏం పెరిగిందో నాకెలా తెలుస్తుంది? నా మటుకు నిద్ర పట్టడమే సగం వైద్యమనుకుంటాను. పాలు మాడడం తగ్గింది, ఎదురింటావిడని పేరు పెట్టే పిలుస్తున్నాను.

మెట్లు దిగేటప్పుడు మాత్రం ఇంకా కలుక్కుమంటుంది. నేల మీద కూర్చోవడం మానేశాను, వ్రతానికి కూడా పీట బదులు కుర్చీయే. పంతులుగారు ఏమీ అనలేదు. ఆయనకీ మోకాళ్ల నొప్పులేనట.